కుందేలుకు పరామర్శ

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఈ లోకంలో పెద్దగా లేదని నా గట్టి నమ్మకం. దంతవైద్యం చదివి, భిలాయిలో ఒక కాలేజీలో దవడ కీలు అరుగుదల మీద జరిగే పరిశోధనలో చేరి నెల తిరగలేదు, అప్పుడే ఇంట్లో ఎవరు ఆవలించినా "నెమ్మది, కీలు జాగ్రత్త!" అనేదాన్ని. అందరికన్నా బాగా నా చేతికి చిక్కింది మామ్మ. ఆవిడ నోరు తెరిస్తే దవడ టక్కుమనేది. తాతయ్యకు ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వచ్చినప్పుడు శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న జంతికల గొట్టాన్ని అటకెక్కించి, ఆవిడకు మూడు పూటలా జావ రాసిచ్చాను. (ఆ జావ నేనెన్నడూ రుచి చూసిన పాపాన పోలేదు.)

మా పరిశోధన కుందేళ్ల మీద. కొన్నింటికి మెత్తటి ముద్ద, కొన్నింటికి గట్టి మేత అలవాటు చేసి, ఆపైన కీలుకు మందు గుచ్చి అరుగుదల తెప్పించి, నమలడానికీ నొప్పికీ లంకె చూడాలి. ముద్ద తినేవి గట్టిది ఒక్కటి కొరికినా లెక్కలోకి రావు. చివరికి కీలు కోసి చూడాలి కాబట్టి ఏ కుందేలూ మిగలదు. ఆ మాట మామ్మకు చెప్పలేదు. "నా దవడకి కుందేలుని సూస్తే ఏటి తెలుస్తాదే?" అని ఆవిడ రోజూ సాధిస్తుంటే, నా గొప్ప చూపించుకుందామని పెద్దసారును బతిమాలి ఓ ఆదివారం తీసుకెళ్లాను. ఇంకా మందు గుచ్చని ఒక తెల్లకుందేలు ముద్ద ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. "దీనికీ జావేనా, నా తల్లే!" అంది మామ్మ.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి లోపల కరకరమని చప్పుడు. మామ్మ కొంగు చాటున తెచ్చిన క్యారెట్ సగం అయిపోయింది. నా వెనకే పెద్దసారు.

"అమ్మాజీ, యే క్యా కియా?"

"ఏటి సెయ్యమంటావు బాబూ! బీమార్‌ని సూడ్డానికి ఖాలీ హాత్, వొట్టి సేతుల్తో ఎలాగొస్తాం? మా ఇళ్లల్లో ఆ అలవాటు నేదు."

సారు ఆవిడనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇంక పనికిరాదు, తీసేయాల్సిందే" అని హిందీలో అన్నారు. నా ఉద్యోగం సంగతే అనుకుని అక్కడే ఏడ్చేశాను. ఆయన లెక్కలోంచి తీసేయమన్నది కుందేలును. కాగితాలన్నీ అయ్యాక అది మా ఇంటికొచ్చి మామ్మ మంచం కింద కాపురం పెట్టింది. మిగతావి ఏమయ్యాయని కొన్నాళ్లకు అడిగితే చెప్పక తప్పలేదు. ఆ పూట మామ్మ ఏమీ ముట్టలేదు. నేనూ పస్తే.

ఇప్పుడు భిలాయిలోనే స్మృతి నగర్‌లో నాకో చిన్న క్లినిక్ ఉంది. మొన్న నా దవడే టక్కుమంది. నా వైద్యం ప్రకారమే జావ కాచుకుని, మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే అన్నీ తెలిసిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. మామ్మ ఉంటే నన్ను చూడ్డానికి వట్టి చేతులతో వచ్చేది కాదు.