డ్రైవర్ గారి పగటి నిద్ర

1987 మే నెల. మధ్యప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో క్వార్టర్ల కరెంటు పని చూసే ఎలక్ట్రీషియన్‌ని నేను. మే వచ్చిందంటే నాకు ఊపిరాడేది కాదు. ఇంటింటా కూలర్లు, వీధి వీధినా ఎగిరిపోయే ఫ్యూజులు. మా వాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడే వచ్చినా, ఇక్కడి ఎండ మాత్రం ఎవరికీ అలవాటు కాలేదు.

ఒక మధ్యాహ్నం గూడ్సు డ్రైవర్ అప్పలనాయుడు క్వార్టర్ నుంచి కబురొచ్చింది. ఫ్యూజ్ మళ్లీ పోయిందట. తలుపు తీసిన నాయుడి కళ్లు ఎర్రగా మండుతున్నాయి. రాత్రి డ్యూటీలు కాబట్టి పగలే నిద్రపోవాలి. ఉన్న కూలర్ చాలడం లేదని పక్కింటిది కూడా అడిగి తెచ్చి, రెండూ తిప్పుతున్నాడు.

"తమ్ముడూ, ఈసారి లావుపాటి ఫ్యూజ్ తీగ ఎయ్యి. నిద్దర్లేక సచ్చిపోతన్నాను. బండి మీద కునుకొచ్చిందంటే ఏటవుద్దో నీకు తెల్దా?"

తెలుసు. అందుకే భయం వేసింది. కానీ లావు తీగ వేస్తే ఫ్యూజ్ నిలుస్తుంది, గోడలో వైరు కాలుతుంది. ససేమిరా అన్నాను.

లోపలికి వెళ్లి చూద్దును కదా, కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. గది మధ్యలో రెండు కూలర్లు. గోడలకు చెమ్మ, దుప్పటికి చెమ్మ. అచ్చం ఇడ్లీ పాత్రలోకి దూరినట్టుంది. ఇదంతా నాయుడి తల్లి పైడమ్మ గారి ఏర్పాటు.

కూలర్ ఏసీ కాదు. గడ్డి ప్యాడ్‌ల మీది నీరు ఆరుతుంటేనే గాలి చల్లబడుతుంది. దానికి వెంటిలేషన్ కావాలి, అంటే బయటి పొడిగాలి లోపలికి రావాలి, లోపలి తడిగాలి బయటికి పోవాలి. ఈ ముక్క చెప్పి కిటికీ మీద చెయ్యి వేశానో లేదో, ఆవిడ అడ్డం వచ్చింది.

"కట్టపడి సల్లబెట్టుకున్న గాలి ఈదిలోకి ఒగ్గీమంటావేటి బాబూ?"

"మామ్మా, మీ నీళ్ల కుండ ఎక్కడ పెట్టారు?"

"వరండాలోన. గాలి తగలాల గదా."

"బీరువాలో పెట్టి తలుపేస్తే?"

"సల్లబడతాదేటి? ఎర్రోడివా ఏటి!"

"కూలరూ కుండలాంటిదే మామ్మా."

ఆవిడ ఒక క్షణం నా వైపు, ఒక క్షణం కూలర్ వైపు చూసి, "అచ్ఛా!" అంది. తర్వాత సందుల్లో గుడ్డలు ఆవిడే పీకేసింది.

ఒక కూలర్‌ని వీధి కిటికీకి ఆనించి, దాని వీపు బయటికి ఉండేలా పెట్టాను. వెనక తలుపు ఓరగా తీసి, వెలుతురు రాకుండా మందపాటి దుప్పటి కట్టాను. రెండో కూలర్ పక్కింటికి వెళ్లిపోయింది. ఫ్యూజ్‌కి ఎప్పటిలాగే సన్న తీగే వేశాను.

మర్నాడు సాయంత్రం ఎదురింట్లో స్విచ్చి బాగుచేస్తుంటే కాల్‌మ్యాన్ వచ్చాడు. డ్యూటీ వేశారని డ్రైవర్ల ఇళ్లకొచ్చి పిలిచే మనిషి అతను. నాయుడి తలుపు బాదాడు, అరిచాడు, సైకిల్ గంట కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. చివరికి పైడమ్మ గారు బయటికొచ్చింది.

"ఒరే, కాలనీ అంతా లేపీసేలాగున్నావు! నానే లేపుతాను, ఉండు."

కొంతసేపటికి నాయుడు పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. చెంప మీద దిండు ముద్ర. కళ్లు తేటగా ఉన్నాయి. ఆవిడ కొడుకు మొహంలోకి చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"కూలర్ పనిచేయడం లేదు" అని ఎవరైనా వస్తే, అప్పటిదాకా మోటారు గురించే అడిగేవాణ్ని. ఆ రోజు నుంచి, దాని ముందు పడుకునేది ఎవరని ముందు అడగడం నేర్చుకున్నాను.