మెడ మాత్రం నాకొగ్గీ

పుట్టింట్లో నేను చేతకానిదాన్ని. ముగ్గు వేస్తే వంకర, పూలు గుచ్చితే దండ మధ్యలో తెగేది. "దీనికి ఏ పనీ అబ్బదు" అని అమ్మ నలుగురిలో అనేది. నాన్న ఒక్కడే "సేస్తాదిలేవే, దానికీ ఓ పని దొరుకుద్ది" అని నా వైపు మాట్లాడేవాడు. అలాంటి నేను పెళ్లయి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన మా ఆయన వెంట ఖరగ్‌పూర్ వచ్చి స్వెట్టర్లు అల్లుతున్నానంటే మావాళ్లెవరూ నమ్మలేదు. మా శ్రీకాకుళం వైపు ఊలుతో ఎవరికి పని? ఎంత చలైనా భుజమ్మీద తువ్వాలుతో సరిపెట్టుకునే మనుషులు.

ఇక్కడి చలి అలా ఊరుకోదు. పొద్దున్నే వర్క్‌షాపు కూత విని మగాళ్లంతా సైకిళ్లెక్కి వెళ్లిపోయాక, మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆడవాళ్లు వరండాల్లో ఎండకి వీపులు పెట్టి అల్లడం మొదలుపెట్టేవారు. బెంగాలీ వాళ్లని చూసి మన తెలుగువాళ్లూ నేర్చేసుకున్నారు. నాకు నేర్పింది పక్క క్వార్టరులో ఉండే ఆవిడ. ఆవిడదీ మా వైపే. భర్త గూడ్సు బండి డ్రైవరు, డ్యూటీ పడితే రోజుల తరబడి ఇంటికి రాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నేనావిణ్ణి అప్పా అనే పిలిచేదాన్ని, సొంత అప్పకన్నా ఎక్కువనే అనుకున్నాను. నా బుద్ధి అంతే ఏడిచింది.

మొదట మఫ్లరు అల్లాను. ఒక చివర జానెడు, రెండో చివర మూరెడు. మా ఆయన దాన్ని మెడకి చుట్టుకుని డ్యూటీకి వెళ్లాడంటే అది ఆయన మంచితనం. తర్వాత చేతుల్లేని స్వెట్టరు. సూది మీది కుట్టుని ఇక్కడ అందరూ ఘర్ అంటారు. మొదట్లో ఒక ఘర్ జారిపోతే గుండె జారినట్టే ఉండేది, సూదులు పడేసి అప్ప దగ్గరికి పరిగెత్తేదాన్ని. రానురాను కింది వరసలో జారినదాన్ని కూడా నేనే మెల్లిగా పైకి లాగి సూదికెక్కించేసేదాన్ని. మా పిల్లాడు పుట్టాక వాడికి పొడుగు చేతులది అల్లాను. రెండు రంగుల ఊలు కలిపి గళ్లు వేశాను. ఛాతీ మీద నిలువునా జడలు దిగే స్వెట్టరు వేసినప్పుడు, ఎదురింటి బెంగాలీ దీదీ దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, "వా! ఉల్టా కూడా సాఫ్‌గా ఉంది" అంది. ఆ రోజు అన్నం వండుతూ కూడా నవ్వుకున్నాను.

కానీ ఏ స్వెట్టరైనా నా చేతిలో పూర్తయ్యేది కాదు. ముందు భాగం, వెనక భాగం కలిపాక మెడ చుట్టూ ఘర్లు ఎత్తి, పట్టీ అల్లి మూసెయ్యాలి. అక్కడికి వచ్చేసరికి అప్ప చెయ్యి చాచేది.

"నీ సెయ్యి బిగువే. మెడ పాడైతే మొత్తం పాడైపోద్ది. మెడ మాత్రం నాకొగ్గీ."

ఒగ్గేసేదాన్ని, ఆవిడకే వదిలేసేదాన్ని. నేర్పిన మనిషికి ఆ మాత్రం పెద్దరికం ఇవ్వాలనుకునేదాన్ని. వీధిలో ఎవరైనా స్వెట్టరు చూసి "మీ అప్ప వేసిందా?" అని అడిగితే అవునని తలూపేదాన్ని కూడా.

ఒక చలికాలం నాన్న నన్ను చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఈ ఒక్క స్వెట్టరు మొదలునుంచి చివరిదాకా నా చేత్తోనే అల్లాలని పట్టుబట్టాను. ఆయన అది తొడుక్కుని ఊళ్లో దిగితే అమ్మ నోరు మూతపడుతుంది. మెడ కూడా నేనే వేస్తానని చెబితే అప్ప స్వెట్టరు తీసుకుని మెడ దగ్గర తడిమి చూసింది. తర్వాత అంది, "సరే, అయితే ఇను. ఘర్లు తక్కువెత్తు. మూసీటప్పుడు దారం గట్టిగా లాగి మూసీ. వొదులుగా మూస్తే నాల్రోజుల్లో మెడ సాగిపోద్ది."

ఆవిడ చెప్పినట్టే, ఒక్కో ఘర్‌నీ పళ్లు బిగబట్టి లాగి మూశాను. నాన్న వచ్చి నాల్రోజులున్నాడు, పూర్తయ్యేసరికి ఆయన తిరుగు బండికి వేళయింది. చేతులు తొడుక్కుని తల దూర్చాడు. దూరలేదు. మా ఆయన కూడా ఒక చెయ్యి వేసి లాగాడు. లోపల్నుంచి నాన్న నవ్వు వినిపించింది, "నా తలకాయే పెద్దదమ్మా, నువ్వేటి సేస్తావు?" బయటికి లాక్కునేసరికి ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. విప్పి మళ్లీ అల్లుతాను, ఉంచెయ్యమన్నాను. ఇవ్వలేదు. మడతపెట్టి, తువ్వాలులాగే భుజమ్మీద వేసుకుని రైలెక్కాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొస్తే అప్ప నా తల నిమిరి, "నానప్పుడే సెప్పినాను కదే" అంది. ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను.

మరుసటి ఏడు చలి మొదలవుతుండగా అప్ప చెల్లెలు ఊర్నుంచి వచ్చింది. చేపల పులుసు చేసి గిన్నెలో పట్టుకుని పెరటి వైపునుంచి వెళ్లాను. లోపల చెల్లెలికి అల్లిక నేర్పుతున్న అప్ప గొంతు.

"మెడ కాడ ఘర్లు ఎక్కువెత్తాలే. మూసీటప్పుడు దారం లాగకు, వొదులుగా ఒగ్గీ. తల దూరొద్దేటి మరి?"

గిన్నె చెయ్యి కాలుస్తున్నా కదల్లేదు. ఆవిడకి తెలియక చెప్పిందనుకోడానికి ఇక వీల్లేదు. లోపలికి వెళ్లి గిన్నె కింద పెట్టి అడిగాను, "మరి నాకెందుకలా సెప్పినావప్పా?"

"ఏటి సెప్పినాను?" అంది. చెల్లెల్ని టీ పెట్టమని వంటింట్లోకి పంపేసి, చేతిలో ఊలు ఉండ తిప్పుతూ కూర్చుంది. చివరికి తలెత్తకుండానే అంది, "మెడ కూడా వొచ్చీస్తే నువ్వింక నా గుమ్మం తొక్కుతావేటి? ఆయన లైను మీదకెల్తే ఈ కొంపలో నాకెవులున్నారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. అసూయతో చేశానని చెప్పి ఉంటే నాలుగు మాటలు దులిపేసి మర్చిపోయేదాన్ని. ఇన్నేళ్లూ నేను మెడల కోసం వచ్చాననుకుందా ఈవిడ? నేను ఆవిడ కోసం వెళ్లాను. పులుసులూ, కబుర్లూ, పిల్లాడి జ్వరాలూ, అన్నీ ఆవిడకే మోసుకెళ్లాను. నాన్న చెవులు కందినా, నేను చేతకానిదాన్నని మళ్లీ నమ్మినా, ఆవిడ చూస్తూ కూర్చుంది. టీ తాగకుండా వచ్చేశాను.

ఆ చలికాలమే నాన్న మళ్లీ వచ్చాడు. సంచీలో స్వెట్టరుంది, మడత కూడా విప్పలేదు. మెడ విప్పేసి, ఘర్లు ఎక్కువెత్తి, వదులుగా మూశాను. తల ఒక్కసారిగా దూరిపోయింది. "నా తలకాయ సిన్నదైపోనాదేటే?" అని నాన్న తడుముకున్నాడు.

అది తొడుక్కునే నాతో ఖరీదా బజారుకి బయల్దేరాడు. చెల్లెలు వెళ్లిపోయింది, అప్ప వరండాలో ఒక్కతే కూర్చుని అల్లుతోంది. మమ్మల్ని చూసి సూదులు ఆపింది.

"మెడెవులేసినారు?"

"నానే."

ఆవిడ చాప మీద కొంచెం పక్కకి జరిగి, నేనెప్పుడూ కూర్చునే చోట చేత్తో దుమ్ము దులిపింది. నేను నాన్న చెయ్యి పట్టుకుని ముందుకి నడిచాను.