పాప గది పైకప్పులో ప్లాస్టిక్ షీటు

మా బావగారి మీద నాకు కోపం. చల్లారిన కోపం కాదు, ఇది రాస్తున్నప్పుడు కూడా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆయన మా ఆయనకు అన్న. నల్లగండ్లలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, వాళ్లు కింది అంతస్తులో, మేము అన్నిటికంటే పైన. ఎండాకాలం ఆ స్లాబు కింద ఉండటమంటే పెనం మీద ఉండటమే. మా పాపకు ఆయాసం. వేడికి నిద్రపోయేది కాదు, నిద్ర లేకపోతే ఊపిరి పిల్లికూతలు పెట్టేది. అందుకే దాని గదికి ఫాల్స్ సీలింగు వేయించి, దానిపైన వేడిని ఆపే గాజుదూది పరిపించి, ఏసీ పెట్టిద్దామనుకున్నాం.

"మీకెందుకు పరేషాన్? నేను చూస్కుంట," అన్నాడు బావగారు. ఆయన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద మేనేజరు. ఆఫీసులో అందరి పనికీ అడ్డం పడటం చాలక మా ఇంటిమీద పడ్డాడు. వీడియోలు చూసి చూసి, దూదికి చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ షీటు వేయాలనీ, అది దూది కింద, గది వైపు ఉండాలనీ తేల్చాడు. ఆ వీడియోలు మంచు కురిసే దేశాలవి. అక్కడ వేడి ఇంట్లో ఉంటుంది, చలి బయట ఉంటుంది. ఏసీ వేసుకునే మనకు అంతా తలకిందులు.

ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు చెమట బయటివైపే పడుతుంది కదా! షీటు గది వైపు ఉంటే ఏసీకి చల్లబడుతుంది. స్లాబు కింద ఖాళీలోకి దూరిన వానాకాలపు తడిగాలి దాని మీద నీళ్లవుతుంది. ఆ నీళ్లు కిందికి కారలేక దూదిలోనే నిలుస్తాయి. షీటు వేయాల్సింది దూదికి పైన.

ఈ మాట చెప్పాను. బావగారికి కాదు, మా ఆయనకు. మా అత్తగారింట్లో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఆయనా ఆమెతో నేరుగా మాట్లాడడు. గచ్చిబౌలిలో నా ఉద్యోగంలో గదినిండా మగవాళ్లకు రోజూ పని చెబుతాను, ఇంటికొస్తే మాత్రం నా మాట మా ఆయన నోట్లోంచే పోవాలి. ఆ నోరు దాటేసరికి దానికి ఉప్పూ కారం ఉండవు.

"అన్నా, షీటు పైన ఏస్తే మంచిగుంటదేమో అంటుంది," అన్నాడట. ఆ 'ఏమో' నాది కాదు. "వీడియోల అట్ల లేదు. ఫికర్ చెయ్యొద్దని చెప్పు," అని జవాబొచ్చింది. షీటు కిందే వేశారు, ఏసీ బిగించారు.

ఎండలున్నన్ని రోజులూ పాప హాయిగా పడుకుంది. బావగారు ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ పైకి తీసుకొచ్చి ఆ సీలింగు చూపించాడు. వానలు మొదలయ్యాక గదిలో ముక్కిన గుడ్డల వాసన పట్టింది, మూలల్లో నల్లమచ్చలు లేచాయి. పాపకు దగ్గు ఆగలేదు, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. దవాఖానలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఇంట్లో చెమ్మ ఉందామ్మా?" అది కూడా మా ఆయనే కిందికి మోశాడు. "వానలకు అందరి పిల్లలు దగ్గుతరు," అన్న మాట పైకి మోసుకొచ్చాడు.

ఆదివారం పొద్దున పాపను హాల్లో కూర్చోబెట్టి, స్టూలెక్కి సీలింగును వేలితో నొక్కాను. వేలు లోపలికి దిగిపోయింది. కూరగాయల కత్తితో కోశాను. షీటు తెగగానే నీళ్లు నా ముఖం మీద కుమ్మరించినట్టు పడ్డాయి. దూది బూజు పట్టి, ముద్దలు ముద్దలుగా, కంపు కొడుతూ మంచం మీద పడింది. నా బిడ్డ ఇన్నాళ్లూ పడుకున్న మంచం అది.

చప్పుడుకు బావగారు పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆమెను దిగమను," అన్నాడు, అప్పటికే గదిలోకి పరుగెత్తుకొచ్చిన మా ఆయనతో.

"బావా, నేను ఈడనే ఉన్న. నన్నడుగుండ్రి," అన్నాను. కాపురానికొచ్చినప్పటినుంచీ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆయన నావైపు చూడలేదు. "వీడియోల గిట్లనే ఉండె అని చెప్పు," అన్నాడు తమ్ముడితో.

మా ఆయన నావైపు తిరిగాడు. అంతా ఒకే గదిలో ఉన్నాం, హాల్లోంచి పాప దగ్గు వినపడుతోంది. "వీడియోల గిట్లనే ఉండెనంట," అన్నాడు.

కోపం మా ఆయన మీదికి మళ్లింది. పాపను ఎత్తుకుని మూసాపేటలో మా అమ్మ ఇంటికి వెళ్లిపోయాను. అక్కడ కింది వాటా, ఫ్యాను గాలి. పాప దగ్గు తగ్గింది, రాత్రి లేవకుండా పడుకుంటోంది.

సీలింగు మొత్తం ఊడదీశారని తెలిసింది. మొన్న మా ఆయన ఫోను చేశాడు.

"గది మంచిగైంది. బిడ్డను తీసుకొని రమ్మంటుండు అన్న."

"పక్కనే ఉన్నడా?"

"ఉన్నడు."

"ఫోనియ్యి."

అవతల గుసగుసలు వినిపించాయి. తర్వాత మా ఆయన గొంతే మళ్లీ వచ్చింది. "ఏందో నాకే చెప్పమంటుండు."

పాప నా ఒళ్లో నిద్రపోతోంది. ఫోను పెట్టేశాను.