విజయ టీచర్ కోసిన పుస్తకం

కొత్త పుస్తకాల కట్ట విప్పగానే ముందు వాసన వస్తుంది. నున్నటి కాగితం, రంగు సిరా, ఇంకా పూర్తిగా ఆరని జిగురు కలిసిన వాసన. పిల్లల కోసం బొమ్మలతో సైన్సు పుస్తకాలు రాయడం నా పని కాబట్టి ఏడాదికి రెండు మూడు సార్లు అలాంటి కట్ట మా ఇంటికి వస్తుంది. నాతో పనిచేసేవాళ్ళు ఆ వాసనకు సంబరపడతారు. నేను మాత్రం ఇప్పటికీ మొదటి క్షణం చేతులు వెనక్కి తీసుకుంటాను. నేను ఐదో తరగతి చదివే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, అదే వాసన మధ్య కత్తెర చప్పుడు విన్నాను.

వేరే రాష్ట్రంలో ఉన్న మగ్గాల ఊరు భివండిలోని శాంతి నగర్‌లో మా ఒంటిగది ఖోలీకి రెండు వైపులా కార్ఖానాలే. మా నాయిన గుంటెడు భూమి కూడా లేక కరీంనగర్ వైపు నుంచి వచ్చి, వేరేవాళ్ళ సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలు అంటారు. వాటి చప్పుడు మీద మాట వినబడాలంటే అరవాలి. అందుకే మా గల్లీలో అందరివీ పెద్ద గొంతులే. విజయ టీచర్ ఒక్కరే మెల్లగా మాట్లాడేవారు. ఆమెకు అప్పుడు ముప్పై ఏళ్ళుంటాయేమో. "దగ్గరికి రాండ్రి, ఇనబడ్తది" అంటే, తరగతిలోని ముప్పై మందిమీ ఆమె కుర్చీ చుట్టూ చేరేవాళ్ళం. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏటా జూన్‌లో బడివాళ్ళు మళ్ళీ పిలిస్తేనే పని. ఆ సంగతి మాకు అప్పట్లో తెలియదు.

మా తెలుగు బడి మొత్తానికి బొమ్మల పుస్తకం ఒక్కటే ఉండేది. మనిషి ఒంటి లోపల ఏమేముంటాయో రంగుల్లో చూపించే పుస్తకం. ఎవరో దాత హైదరాబాదు నుంచి తెచ్చి ఇచ్చారట. పిల్లల చేతులు తగిలితే మాసిపోతుందని పెద్ద సార్ దాన్ని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఎవరైనా పెద్దమనుషులు బడి చూడటానికి వస్తే తీసి బల్ల మీద పెట్టేవారు. వాళ్ళు వెళ్ళగానే అది మళ్ళీ బీరువాలోకి పోయేది. పెద్ద సార్ ఊళ్ళో లేని ఒక రోజు విజయ టీచర్ ఒక్క పీరియడ్‌కని గుమాస్తాను అడిగి మా తరగతికి తెచ్చారు. ఎవరూ తెరవని పుస్తకం కదా, కొత్త వాసన ఇంకా పోలేదు. ముందున్నవాళ్ళు దాని మీద వాలిపోయారు, వెనకవాళ్ళకు ఏమీ కనబడలేదు. పీరియడ్ సగం తోపులాటలోనే గడిచింది. టీచర్ తన సంచిలోంచి కత్తెర తీసి, కుట్టు పక్క నుంచి మొదటి కాగితం కోశారు.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే పిల్లలం మేము. నా పక్కనున్న సరోజ ఏడుపు మొదలుపెట్టింది. "టీచర్, పెద్ద సార్ కొడ్తడు" అంది.

"నిన్ను కొట్టడు. కోసేది నేను" అన్నారు టీచర్, కత్తెర ఆపకుండానే. చివరికి అట్ట కూడా వేరైంది. ఇద్దరికి ఒక కాగితం చొప్పున ఇచ్చారు. "మూడు రోజులు ఒకరింట్ల, మూడు రోజులు ఇంకొకరింట్ల. ఇంట్ల అందరికి సదివి ఇనిపియ్యాలె. ఇనకుంటె మళ్ళ సదువాలె" అన్నారు.

నాకూ సరోజకూ ఊపిరితిత్తులు వచ్చాయి.

శుక్రవారం కార్ఖానాలకు సెలవు. అరవకుండా మాట్లాడుకోవడానికి మాకు వారంలో దొరికేది ఆ ఒక్క రోజే. నా బడి మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున్నే కాగితం పట్టుకుని నాయిన ముందు కూర్చున్నాను. గులాబీ రంగు బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తూ చదివాను. "గివేనా నా లోపల ఉండేటివి?" అని నాయిన నవ్వుతూ విన్నాడు. కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఒక గడి ఉంది. చాలా రోజులు దగ్గు తగ్గకపోయినా, దగ్గుతో రక్తం పడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలని అందులో రాసి ఉంది. అది చదివేసరికి నాయిన మొహంలో నవ్వు పోయింది.

"ఆ ముచ్చట మళ్ళ సదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను. అమ్మ వెనకాల రొట్టెలు చేస్తోంది.

"నాకు పడ్తున్నది బిడ్డా. రెండు నెల్లాయె" అన్నాడు నాయిన. ఆ మాట ఆయన అమ్మతో అనలేదు, ఆ కాగితం వైపు చూస్తూ అన్నాడు.

అమ్మ చేతిలోని పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. పెనం మీద రొట్టె మాడుతున్నా ఎవరం కదల్లేదు. ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకునే మనుషులం. మాలో ఒకరికి రక్తం పడుతున్నట్టు ఇంకొకరికి తెలియదు. "నాకెందుకు చెప్పలేదయ్యా?" అని అమ్మ అడిగింది. "చెప్తే ఏం జేస్తవ్? సేఠ్‌కు ఎరుకైతే పనిలకెళ్ళి తీసేస్తడు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ నాతోపాటు బడికి వచ్చింది. టీచర్ అంతా విని, "ఇయ్యాల్నే పోదాం, రేపనొద్దు" అన్నారు. బడి విడిచాక తానే దగ్గరుండి నాయిన్ని సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళారు. పరీక్షల్లో క్షయ అని తేలింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట. నెలల తరబడి మందులు మింగి నాయిన బతికాడు.

ఆ మందులు ఇంకా నడుస్తుండగానే ఒక రోజు బడికి ఎవరో పెద్దమనుషులు వచ్చారు. పెద్ద సార్ బీరువా తెరిచారు. పుస్తకం లేదు. టీచర్ పక్క తరగతిలో ఉన్న సమయంలో ఆయన మా గదికి వచ్చి, "బొమ్మల పుస్తకం ఎవరన్న చూసిన్రా?" అని అడిగారు. నేను గర్వంగా లేచి నిలబడ్డాను. సంచిలోంచి కాగితం తీసి ఇస్తూ, "దీనితోనే మా నాయిన బతికిండు సార్. టీచర్ అందరికి కోసిచ్చింది" అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

తర్వాతి సోమవారం మా తరగతికి వేరే సార్ వచ్చారు. విజయ టీచర్ ఎక్కడని అడిగితే, "తీసేసిండ్రు" అని చెప్పి పాఠం మొదలుపెట్టారు. అది నా మాట వల్లేనని నాకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో కూడా చెప్పుకోలేకపోయాను.

పన్నెండో తరగతి పరీక్షలయ్యాక భివండి పక్క ఊరు పూర్ణలోని ఒక గోదాములో పనికి చేరాను. బడిపిల్లల పుస్తకాలు డబ్బాల్లో సర్దే పని. మొదటి రోజే, నీలం కోటు వేసుకుని డబ్బాలకు చీటీలు అంటిస్తున్న ఆమెను చూసి నిలబడిపోయాను. జుట్టు సగం నెరిసింది కానీ గొంతు మాత్రం మారలేదు.

"లావణ్యవు గదా? మీ నాయిన ఎట్లున్నడు?" అన్నారు.

"మంచిగున్నడు టీచర్" అన్నాను. ఆపైన ఏడుపు ఆగలేదు. "నా వల్లనే గదా మీ నౌకరీ పోయింది."

"నిన్ను అడిగిండ్రు, ఉన్నది చెప్పినవ్. అబద్ధం ఆడుమని నేనెన్నడు నేర్పలే." చేతికంటిన జిగురు తుడుచుకుంటూ మళ్ళీ అన్నారు. "ఆ పుస్తకం నాది కాదు లావణ్యా. కోసుడు తప్పే. కాని మళ్ళ గట్లనే అయితే, మళ్ళ కోస్త."

ఆ తర్వాత ఆమెకు ఏ బడిలోనూ ఉద్యోగం దొరకలేదు. అది కూడా మామూలు సంగతిలాగే చెప్పారు.

ఆ గోదాములో ఏడాదిన్నర పనిచేశాను. మూలలు నలిగి అమ్మకానికి పనికిరాని హిందీ పుస్తకాలను మధ్యాహ్నం అన్నం వేళ ఇద్దరం ముందేసుకునేవాళ్ళం. నేను హిందీలో చదివి తెలుగులో చెప్పాలి. వానపాముల గురించో, గ్రహాల గురించో నేను బరువైన మాటలు వాడితే ఆమె చేయి అడ్డం పెట్టేవారు. "మీ అమ్మకు చెప్తే ఎట్ల చెప్తవు? గట్ల చెప్పు." నాకు రాయడం అబ్బింది అక్కడే, ఆ డబ్బాల మధ్యే.

కొన్నేళ్ళకు నా మొదటి పుస్తకం అచ్చయింది. తీసుకుని పూర్ణలోని ఆమె గదికి వెళ్ళాను. మెచ్చుకుంటారని ఆశ. ఆమె ప్రతి పేజీ నిదానంగా చదివి, మధ్యలో ఒకచోట ఆగారు.

"ఈ ఒక్క కాగితం చింపి ఎవరికన్న ఇస్తే, వాళ్ళకు అర్థమైతదా?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నవ్వడం లేదు. ఆ పేజీ తీసుకుని మళ్ళీ చదివాను. 'వెనక పేజీలో చూశాం కదా' అని మొదలవుతోంది. అర్థం కాదు.

టీచర్ పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది. నేను రాసే పుస్తకాల్లో ప్రతి పేజీకీ దాని మాట దానికే ఉంటుంది. చెప్పిందే మళ్ళీ చెబుతున్నానని నా పుస్తకాలు సరిచూసే ఆయన ప్రతిసారీ ఆ మాట కొట్టేస్తాడు. నేను ప్రతిసారీ ఆ మాటను మళ్ళీ చేరుస్తాను. ఏ ఇంటికి ఏ ఒక్క కాగితం చేరుతుందో, అక్కడ ఎవరు నోరు విప్పకుండా కూర్చుని ఉన్నారో నాకు తెలియదు.