జోజప్ప తలనీలాలు

గజపతినగరంలో పటాలు కట్టే జగన్నాధం గారికి నోరు తిరగని మాట ఒక్కటే: "తెలీదు."

డెబ్బై రెండేళ్ళలో ఆయన ఆ మాట అనగా విన్నవాళ్ళు లేరు. ఏ బొమ్మ తెచ్చిచ్చినా, అద్దం కోసి మేకులు దిగ్గొట్టేలోగా అందులోని మనిషి పేరూ ఊరూ కష్టసుఖాలూ చెప్పేస్తారు. రాముడూ కృష్ణుడూ అయితే ఇబ్బంది లేదు. క్రైస్తవుల బొమ్మ వచ్చిందంటే మాత్రం కోడలు సుహాసిని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

సుహాసిని ఎచ్చెర్ల యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చదివింది. మావగారిది మెంటాడ పక్క పల్లెలో ఐదో తరగతి. ఆ ఐదో తరగతి గురించి ఆయన చెప్పుకున్నదాంట్లో పదో వంతు కూడా ఆమె తన ఎమ్మే గురించి చెప్పుకోలేదు. "ఐదులో బడికల్లా నానే ఫస్టు," అని మొదలుపెట్టి, ముప్పై వేల పటాలు కట్టాననీ, ముగ్గురు కలెక్టర్ల సన్మానపత్రాలకు చట్రాలు బిగించాననీ, ఇంతవరకూ తన చేతిలో ఒక్క అద్దం పగల్లేదనీ చెప్పాకే వచ్చినవాళ్ళ చేతిలో బొమ్మ అందుకుంటారు. ఆ యేడు ఐదో తరగతిలో ఉన్నది ఇద్దరేననీ, రెండోవాడు పరీక్షనాడు రాలేదనీ అత్తగారు చిన్నతల్లి కోడలికి ఎప్పుడో చెప్పింది. ఇక అద్దాల సంగతికి సాక్ష్యం దుకాణం వెనక గోనెసంచిలో ఉంది. అందుకే "ఒక్క అద్దం" అన్నప్పుడల్లా లోపల్నుంచి సుహాసిని దగ్గు వినిపిస్తుంది.

క్రైస్తవ మహాత్ములను పోల్చడానికి ఆయనకు సొంత పద్ధతి ఒకటుంది. చుట్టూ పిట్టలుంటే ప్రళయంలో ఓడ కట్టిన నోవహు. మృగం ఉంటే సింహాల గుహలో పడిన దానియేలు. చేతిలో పిల్లాడుంటే జోజప్ప, అంటే ఏసుబాబుని పెంచిన యోసేపు. అంతే. బైబిల్లో లేనివాళ్ళు, బైబిలు అయిపోయిన వెయ్యేళ్ళకు పుట్టిన సన్యాసులు, ఈ పద్ధతిలోకి ఏదో ఒక వాకిలి వెతుక్కుని దూరాల్సిందే.

ఒకసారి అసీసీ ఫ్రాన్సిసు గారి బొమ్మ వచ్చింది. భుజాల మీద పిచ్చుకలు, కాళ్ళ దగ్గర పావురాలు. నోవహు అని తేల్చేశారు. మరి ఓడ ఏదని తెచ్చినాయన అడిగాడు. "వాన తగ్గిపోనాది కదా బావూ. ఓడ దిగిపోనాడు. పిట్టల్ని ఒగ్గేస్తన్నాడు." అదే ఫ్రాన్సిసు గారు మరుసటి యేడు తోడేలుతో వచ్చారు. ఈసారి దానియేలు. ఇది సింహంలా లేదే అంటే, గుహలో దానికి తిండెవరు పెట్టారు, చిక్కిపోయిందన్నారు.

కాన్వెంటు సిస్టరు తెచ్చిన బొమ్మ దగ్గర ఈ పద్ధతి కూడా చేతులెత్తేసింది. ఇనప కవచం, కత్తి, తెల్లగుర్రం మీద ఆడపిల్ల. ఫ్రాన్సు దేశపు జోన్ ఆఫ్ ఆర్క్. జగన్నాధం గారు కళ్ళజోడు సర్దుకుని, ఝాన్సీ రాణి అన్నారు. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం చేసిందనీ, చిన్నవయసులోనే పోయిందనీ, ఆమె పేరు చెబితే ఇప్పటికీ ఆ దేశం లేచి నిలబడుతుందనీ కథంతా చెప్పారు. సిస్టరు, పేరు ఒక్కటే తేడా, మిగతాదంతా సరిపోయిందని ఒప్పుకుంది. ఆ సంగతి కూడా కలెక్టర్ల తర్వాత జాబితాలో చేరింది.

ఇన్ని జరిగినా నవ్వుకుని వదిలేసిన సుహాసినికి, మొన్న మార్చి పద్దెనిమిదిన మాత్రం నవ్వు రాలేదు.

ఆరోజు బల్ల మీద శౌరమ్మ గారు తెచ్చిన పటం ఉంది. రిటైరైన నర్సమ్మ. భర్త పేరు జోజప్ప, పోయి యేడాది. వెనక అట్టని చెదలు తినేశాయి, అట్టా అద్దం మార్చి ఇమ్మని, తెల్లారితే జోజప్ప గారి పండగ, పటం పట్టుకుని గుడికి నడవాలని చెప్పి వెళ్ళింది. సుహాసిని దుమ్ము తుడుస్తూ బొమ్మను సరిగ్గా చూసింది. గోధుమరంగు అంగీ, చేతిలో పిల్లాడు, లిల్లీపువ్వు, గడ్డం లేని నున్నటి మొహం, నడినెత్తిన గుండు. చట్రం కింది చెక్క మీద బంగారు రంగుతో వంకర అక్షరాలు: జోజప్ప.

"మావయ్యా, ఈయన జోజప్ప కాదు. అంతోని వారు. ఇటలీలో సన్యాసి. ఇద్దరికీ పన్నెండు వందల ఏళ్ళు తేడా."

"జోజప్పే."

"గుండు చూడండి."

"మగపిల్లోడు పుట్టినాడు. మొక్కు తీర్సుకున్నాడు. నీలాలివ్వరేటి?"

"మరి గడ్డం?"

"పెద్ద మొక్కు. గడ్డం కూడా ఇచ్చీసినాడు."

"చెవుల చుట్టూ జుట్టు ఎందుకు ఉంచాడు?"

"పిల్లోడు పుట్టింది క్రిస్మస్‌కి," అన్నారాయన, ఇంత చదివి ఇదీ తెలియదా అన్నట్టు చూసి. "సలి కాదేటి?"

సుహాసిని ఇక వాదించలేదు. రేపు గుడి నిండా జనం. ఊరికి కొత్తగా వచ్చిన ఫాదరు గారి ఎదుట, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి అంతోని వారిని పట్టుకుని జోజప్ప అంటూ నడుస్తుంది. నలుగురూ నవ్వితే ఆ పాపం ఈ దుకాణానిదే. ఆ రాత మావగారిది కాక ఇంకెవరిది? పొడుగాటి కాగితం ముక్క మీద "పునీత అంతోని వారు" అని గుండ్రంగా రాసింది. తెల్లజిగురు డబ్బా అడిగింది.

"అయిపోనాది. మైదా ఉడకబెట్టుకో తల్లీ," అన్నారు జగన్నాధం గారు. చీకటి పడేదాకా వాదించే మనిషి ఆ ఒక్క మాటతో ఊరుకోవడం ఆమెకు వింతగా తోచింది గానీ, కాగితం అతికించే పనిలో పడి మర్చిపోయింది.

పొద్దున్నే శౌరమ్మ గారు బంతిపూల దండతో వచ్చింది. అద్దం మెరుస్తోందని మెచ్చుకుంది. కింది చెక్క మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇక్కడ పాత అచ్చరాలుండాల."

తప్పుంటే సరిదిద్దానని సుహాసిని చెప్పింది. కొంచెం గర్వంగానే చెప్పింది.

"అవి మా ఆయన రాసినాడమ్మా. మా పెళ్ళి జరిగిన వారంలోన."

శౌరమ్మ గారు స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చింది. పెళ్ళికొడుకు తన పేరుగల పునీతుడి బొమ్మ కొనుక్కొస్తానని విజయనగరం వెళ్ళి, చేతిలో పిల్లాణ్ణి చూసి అంతోని వారిని తెచ్చాడట. పటం కట్టించడానికి ఈ దుకాణానికి వస్తే, వెంట వచ్చిన పెళ్ళికూతురి మేనమామలు, శృంగవరపుకోట వాళ్ళు, సొంత పేరుగల పునీతుణ్ణే ఎరగనివాడు పిల్లనేం ఏలుకుంటాడని నవ్వు మొదలెట్టారట. పెళ్ళికొడుకు మొహం కందిపోయింది. అప్పుడు బల్ల వెనక నుంచి, నోట్లో మేకులు పెట్టుకున్న ఒక కుర్ర జగన్నాధం, జోజప్పే, మొక్కు తీర్చుకున్నాడు అన్నాడు. తలనీలాల కథ అప్పుడు పుట్టింది. మేనమామలు పటాలవాణ్ణి చూసి నవ్వడంలో పడి పెళ్ళికొడుకుని మర్చిపోయారు. ఆ పటాలవాడే కుంచె పెళ్ళికొడుకు చేతికిచ్చి, "నీ పేరే కదా బావూ, రాయి," అన్నాడు.

"మీకు మొదట్నుంచీ తెలుసా అండీ, అంతోని వారని?" అడిగింది సుహాసిని.

"మాయమ్మ అంతోని వారికి మొక్కుకుంటే పుట్టినదాన్ని, ఎరగనేటి? గుడిలో అందరికీ తెలుసు. ఏటా ఈ పటం పట్టుకుని మా ఆయన ముందు నడిసీవాడు. ఒక్కరూ సెప్పలేదు. ఇప్పుడేటి, ఆ అచ్చరాలు పోనాయా?"

జగన్నాధం గారు పాత పంచె ముక్క నీళ్ళలో ముంచి కాగితం మీద పరిచారు. వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, కొస పట్టి లాగారు. మైదా జిగురు కదా, అరటితొక్కలా ఊడివచ్చింది. కింద ఎనామిల్ రంగు చెక్కు చెదరలేదు. ప కింద వత్తు పెట్టడం మర్చిపోయి తర్వాత ఇరికించిన ఆ వంకర జోజప్ప అలాగే ఉంది. శౌరమ్మ గారు కొంగుతో తుడిచి, దాని మీదే దండ వేసింది.

తడిగుడ్డ ఆరేద్దామని వంగితే, బల్ల కింద తెల్లజిగురు డబ్బా కనిపించింది. మూత కూడా తీయలేదు.

ఒక్క పటం దగ్గరే తప్పు చెబితే ఊరికి అనుమానం వస్తుంది. నలభై ఐదేళ్ళపాటు అన్నిటికీ తప్పే చెబితే, అది ఆ మనిషి వరస అనుకుని ఊరుకుంటుంది. చరిత్ర ఎమ్మేకి ఇది అర్థం కావడానికి అంతసేపు పట్టింది.

"మావయ్యా," అంది మెల్లగా, "నోవహూ దానియేలూ అని చెప్పినవాళ్ళందరూ ఎవరో మీకు తెలుసు కదూ?"

జగన్నాధం గారు నోట్లో మేకులు పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"తెలీదు," అన్నారు.

అప్పుడే ఎవరో కొత్తాయన బొమ్మ పట్టుకుని మెట్లెక్కాడు. జగన్నాధం గారు గొంతు సవరించుకుని ఐదో తరగతితో మొదలుపెట్టారు. ముప్పై వేల పటాలన్నారు, ముగ్గురు కలెక్టర్లన్నారు. ఇంతవరకూ నా చేతిలో ఒక్క అద్దం పగల్లేదన్నారు.

సుహాసిని దగ్గలేదు.