దర్వాజా ముందు ఫొటో

మాన్వి తాలూకాలోని మా ఊళ్లో పన్నులు వసూలు చేసి పెత్తనం చెలాయించిన తాతల నాటి దేశాయిగిరీకి గుర్తుగా ఇప్పుడు మిగిలింది చెక్కడాల దర్వాజా, ఇంటిపేరు మాత్రమే. నిరుడు మా మనవరాలు ఫోన్‌లో ఏదో ఆట మొదలుపెట్టినప్పుడు, పూర్తి పేరూ ఊరూ రాసి, దర్వాజా ముందు నిలబడ్డ ఫొటో పెట్టమన్నది నేనే. ఎవరింటి పిల్లో లోకానికి తెలియాలనుకున్నాను.

ఒకరోజు ఆ పదేళ్ల పిల్ల అన్నం ముందు ఏడుస్తూ కూర్చుంది.

“ఆటల ఒకడు చెడ్డ ఫొటో అడుగుతుండు తాతా. పంపకుంటే మన దర్వాజ తట్టి, నా మీద నీకు లేనిపోనివి చెప్తడంట.”

“ముందే ఎందుకు చెప్పలే?”

“ఇజ్జత్ పోయిందని కొడ్తవని.”

వాడికన్నా నేనంటేనే దానికి ఎక్కువ భయమన్నమాట.

“వాని మెసేజ్‌లన్నీ తీసేద్దాం మామా. ఊర్ల తెలిస్తే ఎట్ల?” అంది కోడలు.

“ఒక్క అక్షరం తీయొద్దు. వాన్ని పట్టిచ్చేది అదే” అన్నాను. ఫోన్‌తో పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, ఫిర్యాదు కింద ఇంటిపేరుతో సహా సంతకం చేశాను.

వాడు దొరికాడు. ముప్పై ఏళ్లవాడు. వాడి తండ్రి మా ఇంటికొచ్చాడు.

“గలతీ అయింది దేశాయి సాబ్, మాఫ్ చెయ్యండి. మా ఇజ్జత్ పోతది.”

“పోవాలనే సంతకం పెట్టిన.”

ఆటలో మనవరాలి పేరిప్పుడు పిచ్చుక. ఫొటో లేదు. ఎవరేమడిగినా మొదట నాకే చూపిస్తుంది. నేను మాత్రం ప్రతి వాయిదాకూ ఇస్త్రీ కోటు తొడుక్కుని కోర్టు వరండాలో కూర్చుంటాను. వాడు తల దించుకుని నన్ను దాటేదాకా లేవను.