కోడిగుడ్డు బంతి, నా కెప్టెన్‌గిరి

నకిరేకల్ ఇజ్జత్‌ను ఒక్క తన్నుతోని గంగల ఎట్ల కలిపిన్నో చెప్త, వినుండ్రి. నవ్వొస్తే ఆపుకోకుండ్రి. నాకే ఆగుతలేదు.

తొంభైల మాట. నేను డిగ్రీల ఉన్న. మా దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నదో చూద్దామని ఆస్ట్రేలియా నుంచి పదిమంది ఇంజనీర్లు వచ్చి, మా ఊర్లె కిరాయికి దిగిండ్రు. వాళ్ల పెద్దమనిషి పీటర్. మనిషి కరెంటు స్తంభమంత పొడుగు, మొఖం ఎండకు టమాట లెక్క ఎర్రగయ్యింది. ఒకనాడు కోడిగుడ్డు ఆకారంల ఉన్న బంతి పట్టుకొని మా కబడ్డీ జాగకొచ్చిండు.

"మా దేశపు ఫుట్‌బాల్ ఆడుదామా? ఆస్ట్రేలియా, ఇండియా మ్యాచ్!" అన్నడు ఇంగ్లీషుల.

"గీ ఆట ఎవరికన్న ఎరుకేనా?" అని మమ్ములను అడిగిండు నా జిగ్రీ దోస్తు, సైకిల్ షాపు ఖాజా.

"నాకెరుకే. హైదరాబాద్‌ల రెండేండ్లు ఆడిన," అన్న.

నేను హైదరాబాద్ పోయింది ఒకటేసారి. అదిగూడ పన్ను పీకిచ్చుకోనీకి. కానీ నోరు జారింది. నన్ను కెప్టెన్ చేసిండ్రు.

పీటర్ గంటసేపు రూల్స్ చెప్పిండు. నేను "యెస్, యెస్" అనుకుంట గంగిరెద్దు లెక్క తలకాయ ఊపిన. బంతిని చేతుల పట్టుకోవచ్చు, తన్నొచ్చు, ఉరకొచ్చు. రెండు కొసలకు నాలుగేసి గుంజలుంటయి. ఎదుటోళ్ల దిక్కున్న నడిమి గుంజల సందులకెళ్లి తన్నితే ఆరు పాయింట్లు. ఇంతవరకు సమజైంది. ఆఖరుకు ఆయన రెండు చేతులు అటుదిటు, ఇటుదటు తిప్పి ఇంకేదో చెప్పిండు.

"గదేందిరా?" అన్నడు ఖాజా.

"సగం ఆటైనంక చాయ్ తాగాల్నంట."

పల్లీలు పీకిన మా చెలకల్నే మ్యాచ్. మా బాపు గొర్లను ఒక దిక్కు తోలి, ఊరందరినీ పిలుచుకొచ్చిండు. "మావోడు కెప్టెన్," అని కనవడ్డోనికల్లా చెప్పుడే.

మావోళ్లు గొర్లెనుక ఉరికిన కాళ్లాయె, కబడ్డీ పట్టిన చేతులాయె. దొరలకు చెమటలు పట్టిచ్చిండ్రు. నేను మాత్రం పావుగంటకే ఆయాసమొచ్చి బయటికొచ్చిన. చాయ్ అయినంక గూడ బాపు పక్కన కూసొని గొప్పలు చెప్పుకుంటనే ఉన్న.

ఇంక రెండు నిమిషాలుందనంగ పాయింట్లు సమానమైనయి. మావోడొకడు కాలు బెణికి కూలవడ్డడు.

"కెప్టెన్, జల్ది రా!" అని ఖాజా ఒర్లిండు.

నేను దిగుడు, బంతి ఆకాశంలకెళ్లి సక్కగ నా చేతులకే వచ్చుడు! చంకల పెట్టుకొని ఉరికిన. ఆస్ట్రేలియా వాళ్లు ఒక్కడు గూడ అడ్డం రాలే. పైపెచ్చు పీటర్ పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు. నన్ను జూసి భయపడ్డరనుకున్న. మావోళ్లే ఎనుక వడి "ఆగురా! ఆగు!" అని మొత్తుకుంటుండ్రు. సంబురం పట్టలేక అనుకున్న. ఖాజా నా కాళ్ల మీదికి దుంకిండు, కబడ్డీల లెక్క ఎగిరి తప్పిచ్చుకున్న. గట్టిగ ఒక్కటి తన్నిన. బంతి నడిమి గుంజల సందులకెళ్లి బాణం లెక్క పోయింది.

చేతులు రెండు లేపి, "ఆరు పాయింట్లు!" అని కేకవెట్టిన.

"ఒకటే పాయింటు," అన్నడు ఖాజా నేల మీదికెళ్లి లేసుకుంట. "అదిగూడ వాళ్లకు. అవి మన గుంజలురా! మన గుంజలల్ల మనమే తన్నుకుంటే ఎదుటోళ్లకు ఒకటి. చాయ్ అయినంక దిక్కులు మార్చుకున్నం, నువ్వేడ సచ్చినవ్?"

సీటీ మోగింది. ఒక్క పాయింటుతోని ఆస్ట్రేలియా గెలిచింది. పీటర్ ఉరికొచ్చి నన్ను భుజాల మీదికెత్తుకున్నడు. తన పచ్చ అంగీ ఇప్పి నాకు తొడిగిండు.

అది జూసి బాపు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. "జూసినవా ఖాజా! మావోడే గెలిపిచ్చిండు!"

ఖాజా నా మొఖం జూసిండు, బాపు మొఖం జూసిండు. "అవ్ బాపు, గెలిపిచ్చిండు. ఎవరిని అని మాత్రం అడుగకు."

అందుకే నలుగురి ముందట ఒట్టేసి చెప్తున్న: నా పానం పోయేదాక, మన దిక్కు ఏదని ఇద్దరినన్న అడగకుంట, దేన్నీ కాలుతోని తన్న.